మన వంశం మనమే రాసుకుందాం – 5వ పాఠం: ముత్తాత దగ్గర దారి ఆగిపోతే

పోయిన నాలుగు పాఠాల్లో ఇంట్లో పెద్దవాళ్ళను ఎలా అడగాలో, శుభలేఖలు, స్కూలు సర్టిఫికెట్లు, పాస్‌ పుస్తకాల్లో ఏం చూడాలో, దొరికిన పేర్లను తరాల వారీగా ఎలా రాసుకోవాలో చూశాం. ఇక్కడిదాకా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఒకే చోట ఆగుతారు. తాత పేరు తెలుసు, తాత తండ్రి పేరు తెలుసు. ఆయన తండ్రి ఎవరంటే ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఈ పాఠమంతా ఆ ఒక్క చోటు గురించే.

నేర్చుకోవాల్సిన పద్ధతి నిజానికి ఒక్కటే. ఆగిపోయిన మనిషి తండ్రి పేరు కోసం వెతకడం కొంతకాలం పక్కన పెట్టండి. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళను వెతకండి. అన్నదమ్ములు, ఆడపడుచులు, వియ్యాలవారు, పొలానికి హద్దుల్లో ఉన్నవాళ్ళు, దస్తావేజు మీద సాక్షులుగా వ్రాలు చేసినవాళ్ళు. మీ ఇంట్లో చెరిగిపోయిన పేరు ముత్తాత తమ్ముడి ఇంట్లో నిలిచి ఉండొచ్చు. ఆ ఇంటికీ మూలపురుషుడు ఆయనే కదా.

ముందు ఒక కాగితం రాయండి

తెల్లకాగితం పైన ఆగిపోయిన మనిషి పేరు రాయండి. మన పాఠం కోసం ఆయన పేరు వెంకయ్య అనీ, ఊరు గుంటూరు జిల్లాలో ఒక పల్లె అనీ అనుకుందాం. పేరు కింద మూడు గళ్ళు గీయండి: ఏ సంవత్సరం, ఏం జరిగింది, ఎలా తెలిసింది. మూడో గడిని ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు. "1921లో రెండెకరాలు కొన్నాడు, దస్తావేజు చూశాను" అన్నదీ, "పై ఊరి నుంచి వచ్చాడట, మేనత్త చెప్పింది" అన్నదీ ఒకే బలం ఉన్న మాటలు కావు. రెండూ రాసుకోవాల్సిందే, వేరువేరు రంగుల్లో.

ఈ కాగితం రాస్తున్నప్పుడే కొన్ని చిక్కులు విడిపోతాయి. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. వెంకయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు మళ్ళీ వెంకయ్య. రెండు మూడు తరాలు గడిచాక ఇద్దరు వెంకయ్యలూ జ్ఞాపకంలో ఒక్కరైపోతారు. మీ కాగితంలో వెంకయ్య 1888లో పొలం కొని, 1951లో అదే పొలం అమ్మి ఉంటే ఒక్కసారి ఆగి లెక్క వేయండి. కొనేనాటికి పాతికేళ్ళు ఉన్నా, అమ్మేనాటికి ఎనభై ఎనిమిది. అసాధ్యమని చెప్పలేం గానీ, ఇద్దరు మనుషులేమోనని ముందుగా అనుమానించాలి. అలాంటప్పుడు మీరు అడుగుతున్న ప్రశ్నే మారిపోతుంది. వెంకయ్య తండ్రి ఎవరో తెలియకపోవడం అటుంచి, మధ్యలో ఒక తరమే తప్పిపోయి ఉంటుంది.

రెండో చిక్కు దత్తతా, ఇల్లరికమూ. దత్తత వెళ్ళినవాడికి తండ్రి పేరు, ఇంటిపేరు, గోత్రం మూడూ మారతాయి. ఇల్లరికం వెళ్ళినవాడికి ఇంటిపేరు మారదు, ఊరు మారుతుంది, పొలం మామగారి వైపు నుంచి వస్తుంది. కాబట్టి వెంకయ్యకు ముందు ఆ పొలం వేరే ఇంటిపేరు మనిషి పట్టాలో ఉండి, మధ్యలో అమ్మకం కాగితం ఏదీ కనబడకపోతే ఇల్లరికాన్ని అనుమానించండి. ఆ పాత పట్టాదారు ఆయన మామగారు కావచ్చు. అప్పుడు వెంకయ్య తండ్రి కోసం ఈ ఊళ్ళో వెతికితే ఏమీ దొరకదు, ఆయన పుట్టిన ఊరు వేరు.

దత్తత విషయంలో సబ్‌ రిజిస్ట్రార్‌ ఆఫీసు సాయపడుతుంది. అక్కడ స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో ఎక్కుతాయి. 3వ పుస్తకం వీలునామాలకూ, దత్తత చేసుకోమని భర్త భార్యకు రాసిచ్చిన అధికార పత్రాలకూ ఉద్దేశించింది. పిల్లలు లేని పెద్దాయన పోయేముందు అలాంటి పత్రం రాయడం ఒకప్పుడు మామూలే. 1908 నాటి రిజిస్ట్రేషన్‌ చట్టం 57వ సెక్షన్‌ ప్రకారం 1వ పుస్తకాన్నీ, దాని సూచికలనూ ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు. 3వ పుస్తకంలోని పత్రాల నకళ్ళు మాత్రం రాసిన మనిషి చనిపోయాకే ఇతరులకు ఇస్తారు. వందేళ్ళనాటి మనిషి గురించి అడుగుతున్నాం కాబట్టి ఆ నియమం మనకు అడ్డు రాదు. కౌంటర్‌ దగ్గర "మీకు సంబంధం ఏమిటి" అని అడిగితే టెన్షన్‌ పడకుండా ఆ సెక్షన్‌ నంబరు చెప్పి, మర్యాదగా దరఖాస్తు రాసి ఇవ్వండి.

వేరే జిల్లాలో వెతుకుతున్నారేమో చూసుకోండి

ఊరు కదలకపోయినా జిల్లాలు కదిలాయి. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. అంతకుముందు 1859 నుంచి ఆ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. అనంతపురం 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది. చిత్తూరు 1911లో ఏర్పడింది, దాని ప్రాంతాలు అంతకుముందు ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల కింద ఉన్నాయి. పశ్చిమ గోదావరి 1925లో, ప్రకాశం 1970లో వచ్చాయి. భద్రాచలం 1959 దాకా గోదావరి జిల్లాదే. మునగాల పరగణా చుట్టూ నైజాం ఉన్నా, అది మద్రాసు ప్రెసిడెన్సీలో కృష్ణా జిల్లాకు చెందేది. మునగాలవాళ్ళు హైదరాబాదులో ఎంత వెతికినా పాత కాగితం దొరకకపోవడానికి కారణం అదే. అప్పటి ఇంగ్లీషు కాగితాల్లో ఊళ్ళ పేర్లు కూడా వేరు. శ్రీకాకుళం చికాకోల్‌, ఏలూరు ఎల్లోర్‌, విజయవాడ బెజవాడ, మచిలీపట్నం మసూలిపటాం.

సబ్‌ రిజిస్ట్రార్‌ ఆఫీసులకూ ఇదే వర్తిస్తుంది. ఇప్పుడు మీ ఊరు ఏ ఆఫీసు కిందకి వస్తుందో ఆ ఆఫీసు ముప్ఫై ఏళ్ళ కిందటే పెట్టి ఉండొచ్చు. దానికి ముందు మీ ఊరు ఏ ఆఫీసు కింద ఉండేదో అడిగి అక్కడికి వెళ్ళండి. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ (ఒక ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) 1983 నుంచే. అంతకుముందువి చేత్తో రాసిన సూచికలే, అక్కడ కూర్చుని తిరగెయ్యాల్సిందే. ఇంకో సంగతి: వంద రూపాయల లోపు అమ్మకాలకు రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదు. చిన్న చెక్కల అమ్మకం కాగితాలు ఆఫీసులో లేవంటే అవి ఎవరింటి ట్రంకుపెట్టెలోనో ఉన్నాయని అర్థం. కొన్నవాళ్ళ వారసుల ఇంట్లో అడగండి, అమ్మినవాళ్ళ ఇంట్లో ఆ కాగితం ఉండదు.

హద్దులు చదవడం

ఈ భాగం నిదానంగా చదవండి. దారి తెరుచుకునేది ఎక్కువగా ఇక్కడే.

పాత క్రయ దస్తావేజు దొరికితే అందరూ ముందు చూసేది అమ్మినవాడు, కొన్నవాడు, రేటు. మనం చివరి పేజీ నుంచి మొదలుపెడదాం. చివర్లో హద్దులు ఉంటాయి. "తూర్పు: మా అన్న రామయ్య భూమి. దక్షిణం: డొంక. పడమర: ఫలానా పోలయ్య చెక్క. ఉత్తరం: మా పినతండ్రి కుమారుడు కోటయ్య భూమి." ఈ నాలుగు వాక్యాల్లో అన్న పేరు ఒకటి, పినతండ్రి కొడుకు పేరు ఒకటి దొరికాయి. దాయాదులు పంచుకున్న పొలాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, హద్దుల్లో ఉన్న మనుషులు రక్తసంబంధీకులు కావడం మామూలు. దస్తావేజులో చుట్టరికం రాయకపోయినా ఆ పేర్లన్నీ మీ కాగితంలోకి ఎక్కించండి.

తర్వాత సాక్షులను చూడండి. సాక్షుల్లో ఒకరు తరచూ బావమరిదో, మేనమామో, అల్లుడో అయి ఉంటారు. వేరే ఊరి కాపురస్తుడు సాక్షిగా ఉంటే, ఇంత దూరం ఎందుకు వచ్చాడని అడగండి. ఆ ఊరితో ఒక పెళ్ళి సంబంధం ఉండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు సర్వే నంబరు. వెంకయ్య భూమి 112/2 అనుకుందాం. 112/1, 112/3 ఎవరివో రెవెన్యూ రికార్డులో చూడండి. మూడు చెక్కల విస్తీర్ణమూ ఇంచుమించు ఒకటే అయితే, ఒకే నిలువు పట్టీలుగా ఉంటే, అది ముగ్గురు అన్నదమ్ముల పంపకం కావచ్చని రాసుకోండి. ఒక చెక్క మిగతావాటికి రెట్టింపు ఉంటే పెద్ద భార్య కొడుకు ఒక్కడు, చిన్న భార్య కొడుకులు ఇద్దరు అయి ఉండొచ్చు. లేదా ఒక అన్న తమ్ముడి వాటా కొనుక్కుని ఉండొచ్చు. తెలంగాణలో ఇలాంటి భాగాలకు 112/అ, 112/ఆ, 112/ఇ అని అక్షరాలు కనిపిస్తాయి. ఆ తర్వాత ఇంకా పాత రికార్డుకు వెళ్ళి, 112 ముక్కలు కాకముందు ఎవరి పేరున ఉందో చూడండి. ఆ పేరే మీరు ఇన్నాళ్ళూ వెతుకుతున్న తండ్రి పేరు కావడానికి మంచి అవకాశం ఉంది.

పాత రికార్డు అంటే ఏది? మద్రాసు ప్రెసిడెన్సీలో రైత్వారీ ఊళ్ళకు (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఊళ్ళకు) రీసెటిల్‌మెంట్‌ రిజిస్టర్‌ ఉంటుంది. తహసీల్దారు ఆఫీసులో దాన్ని ఆర్‌.ఎస్‌.ఆర్‌. అంటారు. డైగ్లాట్‌ అనే పేరూ వింటారు. అందులో పాత సర్వే నంబరు, కొత్త సర్వే నంబరు, పట్టా నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి. పట్టా నంబరు పట్టుకుని ఆ పుస్తకమంతా తిరగేస్తే ఆ మనిషికి ఊళ్ళో ఉన్న భూమి అంతా తేలుతుంది. ఒకే పట్టా మీద ఇద్దరు ముగ్గురి పేర్లు ఉంటే అది ఉమ్మడి పట్టా, ఇంకా విడిపోని అన్నదమ్ములదో, బాబాయి అబ్బాయిలదో అయి ఉంటుంది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, వెంకటగిరి లాంటి జమీందారీల్లోని ఊళ్ళకు మాత్రం కథ వేరు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాకే అక్కడ సర్కారు సెటిల్‌మెంట్‌ జరిగింది, కాబట్టి రికార్డు 1950ల దగ్గర మొదలైనట్టు కనిపిస్తుంది. అంతకు ముందుకు వెళ్ళాలంటే ఇంట్లో దాచిన శిస్తు రసీదులు, జమీందారు ఇచ్చిన పట్టాలు, దస్తావేజులే ఆధారం.

హద్దుల కంటే ఇంకా గట్టి ఆధారం ఒకటుంది: పంపకాల దావా. దాయాదులు కోర్టుకు ఎక్కితే వాది తన అర్జీతో పాటు వంశవృక్షం గీసి పెట్టాల్సి వచ్చేది. దాన్ని ప్రతివాదులు ఒప్పుకునేవారు, లేదా ఎక్కడ తప్పో ఎత్తి చూపేవారు. అంటే అప్పటికి బతికున్న చుట్టాలే దాన్ని పరీక్షించారన్నమాట. "మా తాతల నాడు పెద్ద తగాదా అయిందట" అని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాటను వదిలేయకండి. ఏ కోర్టు, ఇంచుమించు ఏ సంవత్సరం అన్నది రాబట్టండి. కోర్టుల్లో దావా కాగితాలు కొన్నేళ్ళకు తీసేసినా తీర్పు, డిక్రీ నిలిచి ఉంటాయి. ఓడినవాళ్ళ ఇంట్లో నకలు దొరికే అవకాశం కూడా ఎక్కువే, ఎందుకంటే అప్పీలు కోసం వాళ్ళే తీసుకుని ఉంటారు. అయితే ఆ తగాదా ఇంకా చల్లారని ఇళ్ళు ఉంటాయి. కాగితం కోసం వెళ్ళినవాళ్ళు ఆస్తి కోసం వచ్చారని అనుకోకుండా, ఎందుకు అడుగుతున్నారో మొదటి మాటలోనే చెప్పండి.

ఇనాం రిజిస్టరు

మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం భూములపై, అంటే శిస్తు లేకుండా గానీ తగ్గించి గానీ ఇచ్చిన భూములపై, విచారణకు 1858లో ఇనాం కమిషన్‌ ఏర్పడింది. 1860లలో ఊరూరా ఇనాముదారులను పిలిపించి, నీకు ఈ భూమి ఎలా వచ్చింది, ఎవరిచ్చారు, మొదట పొందిన మనిషికి నువ్వు ఏమవుతావు అని అడిగి రాసుకున్నారు. ఆ రాతలే ఇనాం ఫెయిర్‌ రిజిస్టర్లు. మొదట ఇనాం పొందిన మనిషి పేరు, ఇప్పుడు అనుభవిస్తున్న మనిషి పేరు, వయసు, నివాసం, ఇద్దరికీ చుట్టరికం ఇన్నీ అందులో గళ్ళుగా ఉన్నాయి. 1862లో యాభై ఏళ్ళున్న మనిషి తన ముత్తాత పేరు చెప్పాడంటే, మీరు ఒక్క పేజీలో 1700ల దాకా వెళ్ళినట్టే.

ఇనాం అనగానే బ్రాహ్మల అగ్రహారాలే గుర్తుకొచ్చి చాలామంది ఈ రిజిస్టరు తమది కాదని వదిలేస్తారు. కానీ అందులో ఊరి సేవకు ఇచ్చిన ఇనాములు కూడా ఉన్నాయి. కరణం, మునసబు, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి, వెట్టి, గుడిలో వాయిద్యగాళ్ళు, దేవదాసీలు, మసీదు, దర్గా సేవకులు, ఎంతోమంది. సొంత పట్టా భూమి లేని కుటుంబాల పూర్వీకులు సర్కారు పుస్తకంలో పేరుతో కనిపించే అరుదైన చోట్లలో ఇదొకటి. జిల్లా కలెక్టరేటు రికార్డు రూములో మీ ఊరి పేరు చెప్పి అడగండి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో కూడా మద్రాసు కాలపు రికార్డులు ఉన్నాయి. ఇంగ్లీషు రాత, పాత స్పెల్లింగు కాబట్టి మీ పూర్వీకుడి పేరును నాలుగైదు రకాలుగా ఊహించుకుని వెళ్ళండి.

1984లో కరణాలు, మునసబుల ఉద్యోగాలు రద్దయినప్పుడు కొన్ని పాత లెక్కలు వాళ్ళ ఇళ్ళలోనే ఉండిపోయాయి. మీ ఊరి పాత కరణంగారి ఇంటి వారసులు ఎక్కడున్నారో కనుక్కోవడం ఎప్పుడూ మంచిదే.

తెలంగాణ వైపు

ఇక్కడ మొదటి మెట్టు 1954–55 ఖాస్రా పహాణీ, అంటే ఊళ్ళో ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసిన రికార్డు. పట్టాదారు ఒకరు, సాగు చేసేవాళ్ళు ఒకరు అయితే ఇద్దరి పేర్లూ అందులో కనిపిస్తాయి, కౌలుదారుల కుటుంబాలకు అది చాలా విలువైన సంగతి. దానికి వెనకవి సేత్వార్‌, వసూల్‌ బాకీ, ఫైసల్‌ పట్టీ అనే ఇంకా పాత భూమి, శిస్తు లెక్కలు. ఇవి ఉర్దూలో ఉంటాయి, 1880ల కంటే పాతవైతే పారసీలో. ఫొటో తీసుకుని ఉర్దూ బాగా చదవగల పెద్దాయన చేత చదివించండి. తెలుగు పేర్లను ఉర్దూ లిపిలో రాసినప్పుడు అచ్చులు జారిపోతాయి, ఒకే అక్షరాల కూర్పును వేరువేరు పేర్లుగా చదివే ప్రమాదం ఉంది. అందుకే చదివే మనిషికి మీరు ఆశిస్తున్న పేరు ముందుగా చెప్పకండి. ముందు ఆయన్ని చదవనివ్వండి.

ముస్లిం కుటుంబాలకు ఖాజీల దగ్గర ఉండే నిఖా రిజిస్టర్లు మరో దారి. వరుడి, వధువు తండ్రుల పేర్లు, సాక్షులు అందులో ఉంటాయి.

భూమి లేని కుటుంబాలు

ఇది కష్టమైన భాగం. సర్కారు పుస్తకాలు శిస్తు కోసం రాసినవి, శిస్తు కట్టని మనిషిని అవి పట్టించుకోలేదు. ఆ అన్యాయాన్ని మనం ఇప్పుడు సరిదిద్దలేం గానీ, వేరే చోట్ల వెతకగలం.

మాల, మాదిగ కుటుంబాల్లో చర్చి రిజిస్టర్లు పెద్ద ఆధారం. గుంటూరుకు లూథరన్‌ మిషన్‌ 1842లో వచ్చింది. ఒంగోలు బాప్టిస్టు మిషన్‌ 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చింది. అంతకు ముందు రెండేళ్ళూ కరువు, బకింగ్‌హాం కాలువ పనుల్లో కూలికి వెళ్ళి బతికిన కుటుంబాలు వాళ్ళలో ఎన్నో. బాప్తిస్మంతో పేరు మారితే అక్కడే మన దారి తెగుతుంది. ఆ కుటుంబానికి పాత పేరు, కొత్త పేరు కలిపే ఆధారం సంఘం పుస్తకాల్లోనే దొరకాలి. పాస్టరుగారిని బాప్తిస్మం, వివాహం, సమాధి పుస్తకాలు మూడూ అడగండి. ఒక్కటి చూసి ఆగొద్దు.

ఇంకో ఆధారం కాగితం మీద లేదు. మన దగ్గర చాలా కులాలకు వంశం చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నాయి. రెడ్లు, కమ్మలు మొదలైనవాళ్ళకు పిచ్చుగుంట్లవారు (ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో వంశరాజులు), పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు. వాళ్ళు చెప్పేది ప్రధానంగా కులపురాణం, గోత్రాలు, ఇంటిపేర్లు. మీ ముత్తాత తండ్రి పేరు నేరుగా చెప్పకపోవచ్చు. కానీ ఏ ఇంటిపేరువాళ్ళు ఏయే ఊళ్ళలో ఉన్నారో వాళ్ళకు తెలుసు, ఎందుకంటే తరతరాలుగా వాళ్ళ హక్కు ఊళ్ళు అవే. మీ ఇంటిపేరు ఇంకెక్కడ వినపడుతుందని అడగండి. వాళ్ళ విద్యకు తగిన సంభావన ఇవ్వండి. ఈ విద్య తెలిసిన పెద్దలు తగ్గిపోతున్నారు, రికార్డు చేసుకోవడానికి అనుమతి అడిగి ఇప్పుడే చేసుకోండి.

ఆడవాళ్ళ వైపు నుంచి

వంశవృక్షాల్లో ఆడవాళ్ళ పేర్లు లేకపోవడం వల్లే మన దారులు సగం మూసుకుపోతున్నాయని నా నమ్మకం. వెంకయ్య భార్య పుట్టింటివాళ్ళు ఎవరో తెలిస్తే, ఆ ఇంట్లో వెంకయ్య ఎవరి కొడుకో తెలిసి ఉంటుంది. పిల్లనిచ్చేముందు తండ్రి ఎవరో అడగకుండా ఇవ్వరు కదా. మేనరికాలు ఉన్న ఇళ్ళలో ఆ పుట్టిల్లే తిరిగి మన ఇంటికి రెండు మూడు వరసల్లో చుట్టమవుతుంది.

పుట్టింటిని పట్టుకోవడానికి పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చిన దానపత్రాలు చూడండి. తండ్రి పేరు, ఊరు, కూతురి పేరు, అల్లుడి పేరు ఒకే కాగితంలో ఉంటాయి. సబ్‌ రిజిస్ట్రార్‌ పేర్ల సూచికలో భర్త పేరుతో దొరకనివి ఆమె పేరుతో దొరుకుతాయి. తర్పణాలు వదిలే ఇళ్ళలో తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాలు భార్యల పేర్లతో సహా చెబుతారు. మీ ఇంటి పురోహితుడు అవి రాసుకున్న పుస్తకం అడగండి. మీ దాయాదుల ఇంటి తర్పణం జాబితా కూడా తెచ్చుకుని పక్కపక్కన పెట్టండి. వాళ్ళ ఇంట్లో ఒక తరం పెద్దవాళ్ళు బతికుంటే మీకు లేని పేరు అందులో ఉంటుంది. కాశీ, గయలకు వెళ్ళిన కుటుంబాలైతే అక్కడి పండాల పుస్తకాలనూ అడగొచ్చు.

జనన రిజిస్టర్లలో ఒక ఇబ్బంది ఉంది. పుట్టిన కొద్దిరోజులకే రాసేవి కాబట్టి పేరు ఉండదు, "మగ శిశువు" అనో "ఆడ శిశువు" అనో ఉంటుంది. అందుకని పిల్లవాడి పేరుతో వెతకొద్దు. తండ్రి పేరుతో, ఊరితో వెతకండి, అటూ ఇటూ ఐదేళ్ళు చూడండి. స్కూలు రిజిస్టర్లో పుట్టిన తేదీ జూన్‌ లేదా జూలై 1 అని ఉంటే దాన్ని నమ్మకండి, అది చేర్చుకోవడానికి పంతులుగారు వేసిన తేదీ కావచ్చు.

కాలం చెప్పే మాటలు

"రక్తాక్షిలో పుట్టాడు" అంటే ఆ పేరున్న తెలుగు సంవత్సరం, 1924–25, లేదా అరవై ఏళ్ళు వెనక్కి 1864–65. మీ కాగితంలోని మిగతా సంగతులే ఏదో తేలుస్తాయి. శిస్తు లెక్కల్లో వాడిన ఫసలీ సంవత్సరం కనిపిస్తే ఆ అంకెకు 590 కలపండి. ఫసలీ 1310 అంటే ఆంధ్ర వైపు 1900 జూలై నుంచి 1901 జూన్‌ దాకా. నైజాంలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది.

"ధాత కరువులో ఈ ఊరొచ్చాం" అని ఇంట్లో వినపడితే అది 1876–78 నాటి కరువు. గుంటూరు ప్రాంతంలో అంతకంటే ముందు 1832–33లో వచ్చింది నందన కరువు, డొక్కల కరువు అని కూడా అంటారు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ కాలం దగ్గర మీ దారి తెగితే, ఊరు మారి ఉండొచ్చని మొదట అనుమానించండి. డెల్టాలో ఉన్న కుటుంబాలైతే ఇంకో లెక్క: ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక మెట్ట ఊళ్ళ నుంచి ఎంతోమంది దిగివచ్చారు. ఇంటిపేరు ఒక ఊరి పేరయితే, డెల్టాకు పైన ఆ పేరున్న ఊరు ఉందేమో మ్యాపులో చూడండి. అయితే అదే పేరుతో నాలుగు ఊళ్ళుంటాయి. పెళ్ళి సంబంధాలు ఎటువైపు ఎక్కువగా ఉన్నాయో చూసి దేన్ని ముందు వెతకాలో నిర్ణయించుకోండి.

ఇటీవలి వలసలు సులభం. నిజాంసాగర్‌ నీళ్ళ కోసం నిజామాబాదు వైపు వెళ్ళినవాళ్ళు, తుంగభద్ర డ్యాం కట్టాక సింధనూరు, గంగావతి దగ్గర క్యాంపుల్లో స్థిరపడినవాళ్ళు ఇంకా సొంత ఊరి పేరు చెబుతారు. వాళ్ళను తప్పక కలవండి. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు పాత సంగతులు ఎక్కువ జాగ్రత్తగా దాచుకుంటారు.

కనబడకుండా పోయిన తమ్ముడు

కొన్ని ఇళ్ళలో "ఒక తమ్ముడు సముద్రం మీద పోయాడు" అనే మాట ఉంటుంది. రంగూన్‌ అయితే కాగితాలు తక్కువ, 1942లో జపాన్‌ దాడితో కాలినడకన తిరిగొచ్చినవాళ్ళ కథలే మిగిలాయి. కూలీ ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళ సంగతి వేరు. దక్షిణాఫ్రికాలోని నాటల్‌కు 1860 నుంచి 1911 దాకా వెళ్ళిన సుమారు 1,52,000 మందికి ఓడల జాబితాలు ఉన్నాయి. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయలుదేరింది. మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అందులో రాశారు. డర్బన్‌లో క్వాజులు-నాటల్‌ విశ్వవిద్యాలయం దగ్గర ఆ జాబితాలు ఉన్నాయి. మారిషస్‌కు వెళ్ళినవాళ్ళ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫిజీకి వెళ్ళినవాళ్ళ పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903 నుంచి వెళ్ళాయి.

దీని వల్ల మనకేం లాభమంటే, తమ్ముడి కాగితంలో రాసిన తండ్రి పేరు వెంకయ్య తండ్రి పేరే. ఊళ్ళో ఎక్కడా దొరకని పేరు సముద్రం అవతల ఒక జాబితాలో ఉండొచ్చు. అటువైపు నుంచి ఈ పాఠం చదువుతున్న మారిషస్‌, దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు కూడా ఉంటే, మీ దగ్గరున్న ఊరి పేరుతో ఇక్కడి ఇనాం రిజిస్టరూ, సర్వే నంబర్లూ వెతకొచ్చు. దొర ఊరి పేరు విని తనకు తోచినట్టు రాసుకున్న స్పెల్లింగునే పట్టుకోకుండా, ఆ పేరును గట్టిగా పలికి చూడండి.

దొరికిన పేరును ఎప్పుడు ఒప్పుకోవాలి

ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే పేరు చెబితే పెన్నుతో రాయండి. ఒక్కటే ఉంటే పెన్సిలుతో రాసి వదిలేయండి. ఇంటిపేరు, గోత్రం కలిసినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. ఈ మధ్య డీఎన్‌ఏ పరీక్షలు చేయించుకునేవాళ్ళు పెరిగారు గానీ, మేనరికాలు తరతరాలుగా జరిగిన ఇళ్ళలో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. దాన్ని మూడో ఆధారంగా ఉంచుకోండి, మొదటి ఆధారంగా వద్దు.

వెతుకుతున్నప్పుడు రెండో పెళ్ళి, దాచిన దత్తత, కులాంతర సంబంధం లాంటివి బయటపడతాయి. కాగితంలో ఉన్నది ఉన్నట్టే రాసుకోండి. కానీ బతికున్న వాళ్ళను బాధపెట్టే సంగతిని కుటుంబం గ్రూపులో పెట్టేముందు, ఆ ఇంటి పెద్దతో విడిగా మాట్లాడండి.

ఈ పాఠానికి అభ్యాసం

మీ వంశంలో ఆగిపోయిన ఒక్క మనిషిని ఎంచుకుని మూడు గళ్ళ కాగితం పూర్తి చేయండి. ఆయనకు సంబంధించిన ఒక దస్తావేజు నకలు తెచ్చుకుని, హద్దులు, సాక్షులు, కాగితం రాసిన దస్తూరి పేర్లన్నీ వేరే కాగితం మీదికి ఎక్కించండి. ఒక్కొక్క పేరు పక్కన ఊళ్ళో ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో రాయండి. వాళ్ళలో కనీసం ఒకరి ఇంటికి వెళ్ళి మాట్లాడి రండి. వెంకయ్య తండ్రి ఎవరని అడగొద్దు. మీ తాతగారి తాత ఎవరు, ఆయన పొలం ఎక్కడుండేది అని అడగండి.

6వ పాఠంలో ఆర్‌.ఎస్‌.ఆర్‌., ఖాస్రా పహాణీల్లో ఒక్కొక్క గడిలో ఏముంటుందో వరసగా చదువుదాం. అందుకని ఈలోగా మీ ఊరి పేజీ ఒకటైనా నకలు తీసి దగ్గర పెట్టుకోండి.